రాయితీ టికెట్టుకే, పెట్టుబడికి కాదు

విశాఖపట్నంలోని ఆంధ్రా సినీటోన్ స్టూడియోలో 1938లో ‘భక్త జయదేవ’ తీశారు. ఆ మరుసటి ఏడే మద్రాసు ప్రభుత్వం వినోదపు పన్ను చట్టం తెచ్చింది. సర్కారు సినిమాను చూసే తీరు అక్కడే స్థిరపడింది. పన్ను వేసినా టికెట్టు మీదే, మినహాయించినా టికెట్టు మీదే. బొమ్మ పూర్తికాకముందే డబ్బు పెట్టిన మనిషి ఆ లెక్కలోకి రాలేదు.

మన దగ్గర ఆ మనిషి బయ్యరు. ఉత్తరాంధ్ర హక్కులను మినిమం గ్యారంటీ (వసూళ్లు ఎలా ఉన్నా నిర్మాతకు ఇస్తానన్న కనీస మొత్తం) మీద కొనే విశాఖ బయ్యరు ఇచ్చే అడ్వాన్సుతోనే ఎన్నో సినిమాల షూటింగు నడిచింది. వినోదపు పన్నులో 1984 జనవరి 1 నుంచి వచ్చిన శ్లాబు పద్ధతి అమ్మిన టికెట్లను వదిలి, హాలు నిండితే ఎంత వస్తుందో లెక్కగట్టి పన్ను వేసింది. దొంగ లెక్కలకు అడ్డుకట్ట పడింది, నిజమే. కానీ ఖాళీ కుర్చీకీ పన్ను పడింది. 1993లో సుప్రీంకోర్టు ఆ పద్ధతినే సమర్థించింది.

ఆదాయపు పన్నులో బయ్యరుకు దక్కింది 9బి నిబంధన. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం 90 రోజుల ముందు బొమ్మ విడుదలైతే, కొన్న ఖర్చంతా ఆ ఏడే తగ్గించుకోవచ్చు. లేదంటే వసూలైనంత మేరకే. మిగతాది మరుసటి ఏటికి. సంక్రాంతి నుంచి మార్చి 31కి 90 రోజులుండవు. మన అతిపెద్ద పండగ సీజనే ఆ గడువుకు అవతల పడింది! పైగా ఇది వాయిదా సర్దుబాటే తప్ప ప్రోత్సాహం కాదు.

బ్రిటన్ వేరే దారి పట్టింది. 1997 చట్టంతో కోటిన్నర పౌండ్లలోపు బ్రిటిష్ సినిమాల ఖర్చును ఒకేసారి రాసేసుకోనిచ్చింది. సంపన్నులు భాగస్వామ్య సంస్థలు పెట్టి దాన్ని పన్ను ఎగవేత మార్గంగా మార్చుకోవడంతో, 2007లో రాయితీని నిర్మాణ కంపెనీకి మళ్లించింది. వ్యక్తుల కోసం 2012లో మరో పథకం వచ్చింది: చిన్న కొత్త కంపెనీల వాటాల్లో పెట్టిన సొమ్ములో సగం పన్నులో తగ్గుతుంది, వాటాలను మూడేళ్లు అట్టిపెట్టుకోవాలి. పెట్టుబడి నిజంగా నష్టపోయే అవకాశం ఉండాలన్న షరతు 2018లో చేరింది.

2017లో జీఎస్టీ వచ్చి వినోదపు పన్నును మింగేసింది. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ జీవో 13 ఒక మంచి మెలిక పెట్టింది: రాష్ట్రంలో కనీసం 20 శాతం షూటింగు చేసిన భారీ చిత్రాలకు పది రోజులు టికెట్టు ధర పెంచుకునే వీలు. ‘మరో చరిత్ర’ సినిమా నాటి నుంచీ షూటింగులు చూసిన విశాఖకు ఇది పనికొచ్చే ఆలోచనే. అయితే ఆ ప్రోత్సాహానికి డబ్బు కట్టింది ప్రేక్షకుడు. అదే 20 శాతం షరతును చిన్న సినిమాకు పెట్టి, బ్రిటన్ తరహా మూడేళ్ల నిబంధనతో బయ్యరు ఆదాయపు పన్నులో తగ్గింపు ఇవ్వాలి. అందుకు చట్టం చేయాల్సింది ఢిల్లీ, అడగాల్సింది విశాఖ.