లైన్‌మన్‌కు దక్కిన, దక్కకుండా పోయిన గుర్తింపు

అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌లో బంతిని పట్టుకొని పరుగెత్తేవారి, విసిరేవారి ప్రతిభను గజాలలో కొలుస్తారు. బంతి కదిలిన క్షణంలోనే ఎదుటి వరుసను ఢీకొని దారి తెరిచే, లేదా మూసే లైన్‌మెన్‌కు అటువంటి కొలమానం చాలాకాలం లేదు. దాడికి దిగిన జట్టు ముందు వరుసలో సంప్రదాయంగా ఏడుగురు ఉంటారు: నడుమ సెంటర్, అతనికి ఇరుపక్కలా గార్డులు, వారిని ఆనుకొని టాకిల్స్, కొసలలో ఎండ్స్. 1935లో న్యూయార్క్‌లోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ నెలకొల్పిన, ఏటా ఉత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఈ వరుసలో ఎండ్స్‌కే, అదీ ఇద్దరికే దక్కింది: 1936లో యేల్ ఆటగాడు లారీ కెల్లీకి, 1949లో నోటర్‌డేమ్‌కు చెందిన లియాన్ హార్ట్‌కు.

ఈ లోటు తీర్చడానికి 1946లో ఫుట్‌బాల్ రచయితల సంఘం అవుట్‌లాండ్ ట్రోఫీని ప్రారంభించింది. అది నేటికీ కొనసాగుతున్నది. దానికి తోడుగా, దేశమంతటి పత్రికలకు వార్తలు అందించే యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ సంస్థ ఏటా ఒకరిని ఉత్తమ లైన్‌మన్‌గా ప్రకటించేది. 1976లో నోటర్‌డేమ్ డిఫెన్సివ్ ఎండ్ రాస్ బ్రౌనర్ ఈ రెండు గౌరవాలనూ పొందాడు. విగ్రహం, విందు వంటి హంగుల కంటే పత్రికలలో వ్యాప్తే ఇటువంటి ప్రకటనకు అసలు బలం. కనుక సంస్థ ఆర్థికంగా కుంగి 1985లో దివాలా రక్షణ కోరిన తరువాత, 1991లో కోచ్‌ల ఓట్లతో అది ప్రకటించే జట్ల ర్యాంకింగ్ సైతం చేజారిన తరువాత, ఆ బలం నిలిచే వీలు తక్కువ. ఆ పురస్కారం ఇప్పుడు లేదు.

అయితే సంస్థ పతనమొక్కటే కారణమనడం తొందరపాటు. ఆటగాళ్లను మార్చుకోవడంపై 1953లో విధించిన కట్టడి 1960ల నడుమ తొలగిపోవడంతో, దాడిలోనూ రక్షణలోనూ ఒకే మనిషి ఆడే పద్ధతి కనుమరుగై, ‘లైన్‌మన్’ అనే ఒకే మాట కింద వేర్వేరు పనులు చేసేవారు చేరారు. వారినందరినీ ఒకే తూకంలో పెట్టడం న్యాయం కాదు. 1996లో ఒహాయో స్టేట్ టాకిల్ ఆర్లాండో పేస్ హైస్‌మన్ ఓటింగులో నాలుగో స్థానం పొందినప్పుడు, అతడు ప్రత్యర్థులను ఎన్నిసార్లు వెల్లకిలా పడగొట్టాడో విశ్వవిద్యాలయమే లెక్కగట్టి ప్రచారం చేయవలసివచ్చింది. 2000 నాటికి సెంటర్లకే ప్రత్యేకంగా రిమింగ్టన్ ట్రోఫీ వెలిసింది. దానికి పేరిచ్చిన నెబ్రాస్కా ఆటగాడు డేవ్ రిమింగ్టన్ 1981, 1982లలో వరుసగా రెండుసార్లు అవుట్‌లాండ్ గెలిచినవాడు.