సాఫ్ట్ స్టార్టర్ (ఎయిర్ కండిషనర్)

సాఫ్ట్ స్టార్టర్ అనగా ఎయిర్ కండిషనర్‌లోని కంప్రెసర్ మోటారుకు ప్రారంభ సమయంలో వోల్టేజీని క్రమక్రమంగా పెంచుతూ అందించే ఎలక్ట్రానిక్ పరికరం. స్థిరవేగ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో, నడిచేటప్పటి కంటే అనేక రెట్లు అధిక విద్యుత్తును తీసుకుంటుంది. అందువలన ఇంటిలోని దీపాలు మసకబారుతాయి. చిన్న జనరేటరుపై కంప్రెసర్ మొదలు కాకపోవచ్చు. ఈ పరికరం ఆ ఉద్ధృతిని తగ్గిస్తుంది. ఇన్వర్టర్ ఏసీలలో మోటారు తక్కువ వేగంతోనే మొదలవుతుంది కనుక వాటికి దీని అవసరం లేదు.

లోపాలు - కారణాలు

కంప్రెసర్ మొదలు కానప్పుడు దోషం సాఫ్ట్ స్టార్టర్‌దేనని భావించడం సహజం. అయితే కారణం వేరొకచోట ఉండవచ్చు. కనుక ముందుగా ఈ క్రింది వాటిని పరిశీలించాలి.

* మోటారు మూలుగుతూ తిరగకపోతే రన్ కెపాసిటర్ బలహీనపడి ఉండవచ్చు. దానిపై ముద్రించిన మైక్రోఫారడ్ విలువను, కొలిచిన విలువతో పోల్చాలి.
* 230 వోల్టుల సరఫరా ప్రారంభంలో బాగా పడిపోతే, రక్షణ కోసం పరికరమే మోటారును ఆపివేయవచ్చు.
* ఆగిన వెంటనే తిరిగి మొదలుపెట్టరాదు. వాయుపీడనాలు సమం కావడానికి సుమారు 3 నిమిషాలు పడుతుంది.
* కామన్, రన్, స్టార్ట్ తీగలు తారుమారై ఉండవచ్చు. రన్, స్టార్ట్ కొనల మధ్య నిరోధం, కామన్‌తో ఆ రెండింటికి గల నిరోధాల మొత్తానికి సమానంగా ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉండి, సాఫ్ట్ స్టార్టర్‌ను తప్పించి పాత పద్ధతిలో తీగలు కలిపినప్పుడు కంప్రెసర్ నడిస్తే, దోషం సాఫ్ట్ స్టార్టర్‌లోనే ఉన్నదని భావించవచ్చు.

జాగ్రత్తలు

మెయిన్ స్విచ్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. దానిని తాకడం ప్రమాదకరం. కనుక ఈ పరీక్షలను అనుభవజ్ఞుడైన మెకానిక్ చేతనే చేయించాలి.