ఫిసల్‌బండ దుర్భిణి, చుక్కల్లోని లోహం

పాతబస్తీలోని ఫిసల్‌బండలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అది తర్వాత బేగంపేటకు మారింది. ప్రపంచ నక్షత్ర పట్టికలో దాని వంతు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ. ఫొటో పలకల మీద చుక్క చుక్క స్థానాన్నీ కొలిచిన ఆ ఓపికే నేటి అంతరిక్ష రసాయనానికీ పునాది అని నా వాదన. స్థానం చెబితే చుక్కలో ఏముందో తెలియదు కదా అంటారు. నిజమే, అందుకు వర్ణపటం కావాలి. కానీ అక్కడా పని కొలతను అంకెతో పోల్చడమే. 1987లో సింహరాశిలోని ఐఆర్‌సీ+10216 నక్షత్రం చుట్టూ ఉప్పు, అల్యూమినియం క్లోరైడ్ అణువులు దొరికాయి. వాటి పౌనఃపున్యాలు ప్రయోగశాలలో ముందే తెలుసు.

చాలా లోహ అణువులు భూమ్మీద క్షణం నిలవవు, కొలవడం కష్టం. అందుకే క్వాంటం రసాయనం ఎలక్ట్రాన్ల పోకడను లెక్కగట్టి, బంధాల పొడవు తేల్చి, అణువు ఏ పౌనఃపున్యాల దగ్గర పలుకుతుందో అంచనా వేస్తుంది. 2019లో అదే నక్షత్రం దగ్గర మెగ్నీషియం, కార్బన్ గొలుసు ఉన్న రెండు అణువులను ఇలాంటి లెక్కల సాయంతోనే గుర్తించారు. లెక్క రుజువు కాదనే అభ్యంతరం బలమైనదే. అయితే వర్ణపటంలో ఒక్క గీత కాకతాళీయంగా కలవచ్చు, నియమబద్ధమైన దూరాల్లో వరసగా వచ్చే గీతలన్నీ అలా కలవడం దాదాపు అసాధ్యం.