పద్నాలుగో శతాబ్దంలో రైతు ఎక్కడ?

మేముండే ఓక్‌విల్ నుంచి కారులో అరగంట వెళ్తే, మిల్టన్ ఊరికి అవతల క్రాఫర్డ్ లేక్ అని ఒక చిన్న సరస్సు ఉంది. విస్తీర్ణం ఆరెకరాలు కూడా ఉండదు. చుట్టూ వేసిన చెక్కబాట మీద నడిస్తే ఒక ప్రదక్షిణం తొందరగానే అయిపోతుంది. లోతు మాత్రం 20 మీటర్ల పైనే. అడుగు నీళ్ళు పై నీళ్ళతో కలవవు కాబట్టి అడుగున చేరిన బురదను కదిలించేది ఏదీ లేదు. వేసవిలో ఒక తెల్లటి సున్నపు పొర, ఆకులు రాలాక ఒక నల్లటి పొర, రెండూ కలిస్తే ఒక ఏడాది. చెట్టు మానులో వలయాలు లెక్కపెట్టినట్టు ఆ బురదలో సంవత్సరాలు లెక్కపెట్టవచ్చు.

1970ల్లో ఆ పొరల్లో మొక్కజొన్న పుప్పొడి దొరికింది. మొక్కజొన్న ఈ అడవుల్లో దానంతటది మొలిచేది కాదు, ఎవరో విత్తి ఉండాలి. దగ్గర్లో తవ్వి చూస్తే పొడవాటి ఇళ్ళున్న ఊరి ఆనవాళ్ళు బయటపడ్డాయి. 13వ శతాబ్దం చివరి నుంచి 15వ శతాబ్దం దాకా ఇక్కడ మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించిన ఆదివాసుల ఊరు అది. వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. రాజు పేరూ లేదు, యుద్ధం కథా లేదు. వ్యవసాయం చేశారన్న సంగతి ఒక్కటే మిగిలింది.

ఆ బాట మీద నడుస్తుంటే నాకు ఆ కాలానికే చెందిన మూడు సంవత్సరాలు గుర్తొస్తాయి: 1315, 1323, 1348. మొదటిదీ చివరిదీ యూరప్‌వి, నడిమిది మనది. మూడూ సంక్షోభాలే. ఆ సంక్షోభాల్లో రైతు ఏమయ్యాడు, అది మనకెలా తెలుస్తుంది అన్నది నా ప్రశ్న.

యూరప్‌లో 1300కు ముందు రెండు మూడు శతాబ్దాల పాటు జనాభా పెరుగుతూ వచ్చింది. అడవులు కొట్టారు, చిత్తడి నేలలు ఎండగట్టారు, పంట సరిగా రాని గుట్టలు కూడా దున్నారు. జనం ఎక్కువై, నేల తక్కువై, కౌలు పెరిగి, కూలి పడిపోయింది. అటువంటి స్థితిలో 1315లో వానలు పట్టుకున్నాయి. చేలు కుళ్ళిపోయాయి. ఆ కరువు 1317 దాకా వదల్లేదు. అది తగ్గిందనుకునేలోపు ఇంగ్లండులో పశువులకు రోగం వచ్చి దుక్కిటెద్దులు పోయాయి.

మహమ్మారి వచ్చింది ఆ తర్వాతే. 1347 అక్టోబరులో నల్ల సముద్రం వైపు నుంచి వచ్చిన ఓడలతో అది సిసిలీలోని మెస్సీనా రేవుకు చేరింది. 1348 వేసవికి ఇంగ్లండులో అడుగుపెట్టింది. నాలుగైదేళ్ళలో యూరప్ జనాభాలో మూడోవంతు నుంచి సగం దాకా పోయారని చరిత్రకారుల అంచనా. ఐర్లండులో కిల్కెన్నీ మఠంలో జాన్ క్లిన్ అనే సన్యాసి జరుగుతున్నది జరుగుతున్నట్టు రాస్తూ, తన తర్వాత ఎవరైనా బతికుంటే కొనసాగించడానికి కొంత తోలుకాగితం వదిలిపెడుతున్నానని చెప్పాడు.

చావులు కాస్త తెరిపిచ్చాక పల్లెల లెక్క తారుమారైంది. నేల ఉంది, మనుషులు లేరు. కోతకు కూలీలు కావాలంటే వాళ్ళు అడిగినంత ఇవ్వాలి. వెట్టికి కట్టుబడ్డ రైతు రాత్రికి రాత్రి పక్క ఊరికి వెళ్ళిపోతే అక్కడి భూస్వామి ఏ ప్రశ్నా వేయకుండా పనిలో పెట్టుకున్నాడు. అప్పుడు ప్రభుత్వానికి కూలివాడు కనబడ్డాడు. 1349లో ఒక ఆజ్ఞ, 1351లో ఒక చట్టం వచ్చాయి. వాటి సారం ఇది: 1346 నాటి కూలిరేట్లకు మించి ఎవరూ అడగకూడదు, ఎవరూ ఇవ్వకూడదు, పని వదిలి పోకూడదు. 1363లో వచ్చిన మరో చట్టం నాగలి దున్నేవాడూ బండి తోలేవాడూ ఎలాంటి బట్ట కట్టాలో, ఏం తినాలో కూడా నిర్ణయించింది. ఎక్కువ కాలం నిలవలేదనుకోండి.

ఈ చట్టాలను నేను మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. తర్వాత వాటి విలువ తెలిసింది. దేన్నైనా నిషేధిస్తూ చట్టం వచ్చిందంటే అది అప్పటికే జరుగుతోందన్నమాట. కూలివాడు ఎక్కువ అడుగుతున్నాడనీ, మంచి బట్ట కడుతున్నాడనీ మనకు చెప్పేది అతణ్ణి ఆపాలని చూసినవాళ్ళ కాగితాలే. చట్టం మీరినందుకు వేలమందికి జరిమానాలు వేశారు. ఆ జరిమానా పట్టీల్లో కూలివాళ్ళ పేర్లు ఉన్నాయి.

1381లో తలపన్ను వసూలు మీద ఎసెక్స్, కెంట్ పల్లెలు తిరగబడి లండన్ చేరాయి. జూన్ 14న పద్నాలుగేళ్ళ రాజు రెండో రిచర్డ్ వెట్టి రద్దు చేస్తానని మాటిచ్చాడు. మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో రైతుల నాయకుడు వాట్ టైలర్‌ను రాజు మనుషులు చంపేశారు. జూలై మొదట్లో రాజు ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ తిరుగుబాటులో రైతులు చాలాచోట్ల చేసిన పని ఒకటుంది: భూస్వాముల కచేరీ దస్త్రాలు తగలబెట్టారు. తాము ఎవరికి వెట్టివాళ్ళమో రాసి ఉన్న చోటు ఏదో వాళ్ళకు బాగా తెలుసు.

తిరుగుబాటు ఓడిపోయింది. వెట్టి మాత్రం నిలవలేదు. తర్వాతి శతాబ్దంలో అది మెల్లగా కరిగిపోయి, రైతు అదే కచేరీ దస్త్రానికి నకలు చేతిలో పట్టుకుని, దాని బలంతో పొలం సాగుచేసుకునే పద్ధతి వచ్చింది. ఒకనాడు కాల్చిన కాగితమే తర్వాత అతనికి హక్కుపత్రం అయింది. అయితే మహమ్మారి తనంతట తాను ఎవరికీ మేలు చేయలేదు. మనుషుల కొరత తూర్పు యూరప్‌లోనూ ఉంది. 15, 16 శతాబ్దాల్లో పోలండు, ప్రష్యా ప్రాంతాల్లో భూస్వాములు రైతును కదలనీయకుండా మరింత గట్టిగా కట్టేశారు. విపత్తు రైతు చేతికి బేరమాడే బలం ఇస్తే ఇవ్వవచ్చు, దాన్ని నిలబెట్టుకోగలిగిన చోటే బతుకు మారింది.

ఇక మన 1323. ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది, కాకతీయుల పాలన ముగిసింది, ప్రతాపరుద్రుడు బందీగా వెళ్తూ దారిలోనే పోయాడు. ఈ కథ మనందరం చదువుకున్నదే. పదేళ్ళు దాటాక, దక్షిణానికి దండెత్తి వస్తున్న మహమ్మద్ బిన్ తుగ్లక్ సైన్యం తెలుగుదేశంలో అంటురోగం బారినపడి వెనక్కి మళ్ళింది. దాన్ని యూరప్ మహమ్మారితో ముడిపెట్టడానికి ఆధారాల్లేవు. ఆ తర్వాత ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు. కొండవీడులో రెడ్లు నిలదొక్కుకున్నారు.

ఈ సంధికాలం గురించి మనకున్న ముఖ్యమైన సాక్ష్యం ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం. సంస్కృతంలో ఉంటుంది. ఓరుగల్లు పడ్డాక దేశం ఎంత అల్లాడిందో, అగ్రహారాలు ఎలా పోయాయో, రైతుకు తన కష్టఫలం ఎలా దక్కకుండా పోయిందో చెబుతుంది. ఆ తర్వాత ప్రోలయ వచ్చి అన్నీ చక్కబెట్టాడని చెప్పి, విలస అనే ఊరిని ఒక పండితుడికి దానమిస్తుంది. కొత్త ప్రభువును కీర్తించడానికి రాసింది కాబట్టి జాగ్రత్తగానే చదవాలి. అయినా అందులో రైతు ఉన్నాడు, దోపిడీకి గురైనవాడిగా. ఆ తర్వాత అతని పరిస్థితి ఏమిటో శాసనానికి పట్టలేదు. ఊరు ఎవరికి ఇచ్చారో ఉంది, ఆ ఊళ్ళో దున్నేవాళ్ళు ఎవరో లేదు. పోయినదీ తిరిగి వచ్చినదీ పైవాళ్ళ లెక్కలోనే.

మన రైతులు బేరమాడలేదని దీని అర్థం కాదు. తమిళదేశంలో విజయనగర పాలన కింద 1429లో రైతులూ చేతిపనులవాళ్ళూ కూడబలుక్కుని, అన్యాయమైన పన్నులు కట్టబోమని తీర్మానించి రాళ్ళ మీద చెక్కించిన శాసనాలు ఉన్నాయి. అలాంటి గొంతు చాలా అరుదు. మన పద్నాలుగో శతాబ్దాన్ని మనం రాజుల పతనంగా, రాజుల పునరుద్ధరణగా మాత్రమే చెప్పుకోవడానికి మనకు మిగిలిన ఆధారాలు ఒక కారణం. మనం అంతకుమించి అడగకపోవడం ఇంకో కారణం.

అడిగితే జవాబు దొరికే చోట్లు ఉన్నాయనిపిస్తుంది. కాకతీయుల కాలంలో కట్టిన రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కింద ఇప్పటికీ సాగు నడుస్తోంది. రాజ్యం 1323లో పోయింది, చెరువులు పోలేదు. ఏడువందల ఏళ్ళలో చెరువు పూడుతుంది, కట్ట తెగుతుంది. ఎవరో ఒకరు పూడిక తీస్తేనే, కట్ట వేస్తేనే చెరువు చెరువుగా ఉంటుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పూడికతీతకు కాకతీయుల పేరు పెట్టింది. తీసిన ఒండ్రును రైతులు తమ పొలాలకు తోలుకున్నారు.

క్రాఫర్డ్ లేక్ బురదను ఎవరూ కదిలించలేదు కాబట్టి అక్కడి రైతుల సంగతి మనకు తెలిసింది. మన చెరువుల్లో బురదను తరతరాలుగా తీస్తూ వచ్చారు కాబట్టి మన రైతుల సంగతి తెలియాలి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పాకాల కట్ట మీద కాసేపు నడవాలని ఉంది.