కోరమాండల్ తీరపు కొలత బొమ్మలు

నెల్లూరు తీరంలో మైపాడు, కృష్ణపట్నం ప్రాంతాల పట్టపుపాలెములలో వలల చెంత చేపకోసం కాచుకొనే పిల్లి, ఇసుకలో ముడుచుకొని పడుకొనే కుక్క అందరూ ఎరిగినవే. అయినను కుక్కబొమ్మ గీయమంటే చాలమంది విద్యార్థులు వెనుకకాలి మోకాలు వెనుకకు వంగినట్లు గీస్తారు. నిజానికి అక్కడ కనిపించేది మోకాలు కాదు, మడమ. కుక్కా పిల్లీ వేళ్ళమీద నడిచే జంతువులు. వాటి అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గర ఉండి, మన మోకాలివలెనే ముందువైపునకు తిరిగి ఉంటుంది.

చూచి గీయడం వేరు, తెలిసికొని గీయడం వేరు. బొమ్మలోని కొలత మనిషి ప్రాణానికే అవసరమైన ఉదంతం ఒకటి మన తూర్పుతీరంలోనే జరిగినది.

పాట్రిక్ రస్సెల్ (1727-1805) స్కాట్లండు దేశపు వైద్యుడు. 1780 దశకంలో విశాఖపట్నంలో నివసించి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. పాముకాటు మరణాలు అతనిని కలవరపెట్టాయి. ఏ పాము విషపుది, ఏది కాదు అని సామాన్యులు గుర్తించే మార్గం ఉండాలని అతడు తలచాడు. పాములను పట్టించి, కోరలను పరిశీలించాడు. కుక్కలమీద, కోళ్ళమీద విషాన్ని పరీక్షించాడు. ఆ ఫలితాలు 1796లో లండనులో చిత్రాలతో గ్రంథంగా వెలువడ్డాయి. తరువాత 1803లో విశాఖపట్నపు చేపలు రెండు వందలను వర్ణించే గ్రంథం వచ్చింది.

పామును బొమ్మగా గీయడం తేలిక అనిపిస్తుంది: కాళ్ళు లేవు, కీళ్ళు కనిపించవు. కాని కష్టమంతా పొలుసులలో ఉన్నది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పొట్టమీది పలకలను, తోకక్రింది పొలుసులను లెక్కించి పాములను వేరుపరచే పద్ధతిని నెలకొల్పాడు. రస్సెల్ కూడ ఆ లెక్కలను నమోదు చేశాడు. రంగు ఒక్కటే చాలదు. అది వయస్సునుబట్టి, కుబుసాన్నిబట్టి మారుతుంది.

దీని విలువ కట్లపాము విషయంలో తెలుస్తుంది. దానిని పోలిన విషరహితపు పాము ఒకటి ఇండ్లలోనికి వస్తూ ఉంటుంది. రెండింటికీ ఒంటిమీద అడ్డపట్టీలు ఉంటాయి. అయితే కట్లపాము వీపు నడుమ వరుసలోని పొలుసులు ప్రక్క పొలుసులకంటె పెద్దవి, ఆరు మూలలవి. రెండవదానికి అట్లుండవు. చిత్రకారుడు పొలుసులన్నింటినీ ఒకే కొలతలో గీస్తే ఆ బొమ్మ చదువరిని మోసగిస్తుంది. బ్రతికియున్న పాము దగ్గరకు పోయి పొలుసులు చూడబోవడం మాత్రం ఎన్నడూ తగదు.

రస్సెల్ తెలుగువారు చెప్పిన పేర్లను కూడ వ్రాసుకొన్నాడు. ‘కాటుకరేకుల పొడ’ అని అతడు పేర్కొన్న పాము మన రక్తపింజరయే. అది నేడు శాస్త్రంలో అతని పేరుతోనే పిలువబడుతున్నది. ‘బంగారు పాము’ అనే తెలుగు పేరునుండి కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అనే శాస్త్రనామం ఏర్పడింది. ఈ తీరపు మాట ఆ విధంగా ప్రపంచ శాస్త్రంలో నిలిచింది.

ఇక మన పిల్లి దగ్గరకు వద్దాం. మనిషి భుజాన్ని రొమ్ముఎముకతో కలిపేది జత్రుక. పిల్లికి ఆ ఎముక చిన్నదిగా ఉన్నను మరి ఏ ఎముకతోను కలియదు. దాని ముందుకాళ్ళను మొండెమునకు పట్టి ఉంచేవి కండరాలే. అందుచేతనే పొంచి నడిచేటప్పుడు భుజపుటెముకలు ఒకటి మార్చి ఒకటి వీపుపైకి లేచి కనిపిస్తాయి. ఇది తెలిసిన విద్యార్థి వీపును గీత గీసినట్లు చదునుగా గీయడు.

ఉపాధ్యాయులు పిల్లలచేత ఒక పరీక్ష చేయించవచ్చును. నిలుచున్న పెంపుడు కుక్కను కొంత దూరంనుండి చూస్తూ, చాచిన చేతిలోని పెన్సిలుమీద దాని తల పొడవును బొటనవ్రేలితో గుర్తించాలి. మొండెము అటువంటి తలలు ఎన్ని ఉన్నదో, మడమ నేలకు ఎంత ఎత్తున ఉన్నదో లెక్కించి, ఆ తరువాతనే గీత మొదలుపెట్టాలి. విశాఖ తీరంలో పొలుసులు లెక్కించిన వైద్యుడు చేసిన పని కూడ ఇటువంటిదే: ముందు లెక్క, తరువాత గీత.