పామర్‌స్టన్ రోడ్డు ఫోటోలో బుట్టచేతులు

ఇంగ్లండ్‌లోని మన సౌత్‌సీలో పామర్‌స్టన్ రోడ్డు బట్టలకొట్టు ముందు సిబ్బందిని నిలబెట్టి తీసిన పాత ఫోటో చూడనివాళ్లు లేరు. గుమ్మం మీద జెండాలు, దండలు. ముందు వరసలో నల్ల గౌన్ల అమ్మాయిలు ఆరుగురు, వెనక కోట్లు తొడిగిన గుమాస్తాలు. ఈ ఊరి మీద పుస్తకం వేసిన పెద్దమనిషి దాని కింద 1887 అని అచ్చువేశారు. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండిన సంబరమట. కాదు. అది అరవై ఏళ్ల సంబరం, 1897. జెండాలు రెండుసార్లూ కట్టారు. తేల్చవలసింది బట్టలే.

కుడివైపు చివర పక్కకు తిరిగి నిలబడ్డ అమ్మాయిని చూడండి. 1887లో ఆడవాళ్లు నడుం వెనక మెత్త కట్టుకునేవారు, గౌను వెనక్కి పీటలా పొడుచుకొచ్చేది. ఈ అమ్మాయి గౌను నడుం నుంచి నేరుగా కిందికి జారింది. ఇక చేతులు. 1887 నాటి చేతులు భుజం నుంచి మణికట్టు దాకా అతుక్కుని ఉండేవి. ఆ తర్వాతే భుజం దగ్గర కుచ్చు లేచింది. పెరిగి పెరిగి 1895కల్లా బుడగంత అయింది. రెండేళ్లలో తగ్గి చిన్న బుట్టగా మిగిలింది. ఫోటోలో ఉన్నది ఆ చిన్న బుట్టే. మా అమ్మ తెనాలిలో బుట్టచేతుల జాకెట్లు కుట్టేది. కుచ్చు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కొట్టు అమ్మాయిలు బీదవాళ్లు, పాతవి వేసుకుని ఉంటారని ఆయన వాదన. పాతవైతే ఫోటో ఇంకా తర్వాతిది అవుతుంది గాని, ముందుది ఎలా అవుతుంది? ఇంకా పుట్టని మోస్తరును ఏ దర్జీ కుడతాడు?

ఏడాది తప్పితే వాళ్ల బతుకూ తప్పుతుంది. ఇదే ఊళ్లో కింగ్స్ రోడ్డు హైడ్ బట్టలకొట్టులో రచయిత హెచ్.జి. వెల్స్ 1881 నుంచి రెండేళ్లు పని నేర్చుకుంటూ రోజుకు పదమూడు గంటలు చాకిరీ చేశాడు. ‘కిప్స్’ నవలకు ఆ కష్టమే ముడిసరుకు. కొట్లలో ముగ్గురు ఆడవాళ్లకు ఒక కుర్చీ చొప్పున వెయ్యాలన్న చట్టం 1899లో గాని రాలేదు. ఫోటోలో ఉన్న ఆరుగురు రెండు కుర్చీల కోసం ఇంకా రెండేళ్లు ఆగాలి.

1941 జనవరి 10 రాత్రి బాంబులకు పామర్‌స్టన్ రోడ్డు, కింగ్స్ రోడ్డు కాలిపోయాయి. ఆ గుమ్మం ఇప్పుడు లేదు. పుస్తకం రెండో ముద్రణకు ముందే ఉత్తరం రాశాను, ఏడాది మార్చలేదు. మూడోది వస్తోందట. మళ్లీ రాశాను, ఈసారి ఆ చివరి అమ్మాయి భుజాన్ని పెద్దది చేయించి జతపెట్టాను.