ఇంజన్ కొడతందా? చైన్ సౌండుకీ నాకింగ్‌కీ వెనకున్న వందేళ్ల కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక సౌండు గురించే.

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశా వైపు పోయే రోడ్డు మనందరికీ తెలుసు. సాలూరు దాటాక ఘాట్ మొదలవుద్ది. ఈ రోడ్డు పొడవునా షెడ్డుల్లో రోజూ వినపడే మాట ఒకటుంది: "ఇంజన్ కొడతంది బాబూ, ఏటో చూడు." ఆ ఒక్క మాట కింద కనీసం రెండు వేరు వేరు జబ్బులున్నాయి. ఒకటి టైమింగ్ చైన్ వదులైతే వచ్చే గలగల. రెండోది లోపల పెట్రోల్ తప్పుగా మండితే వచ్చే టకటక, అంటే నాకింగ్.

తేడా తెలీకపోతే ఏమవుద్ది? చైన్ సౌండుని నాకింగ్ అనుకుని పెట్రోల్ బంకులు మార్చుకుంటూ తిరిగితే, ఒకరోజు చైన్ పళ్లు జారి వాల్వులు వంగిపోతాయి. నాకింగ్‌ని చైన్ అనుకుంటే, బాగున్న ఇంజన్ విప్పించి వేలల్లో బిల్లు కడతాం. ఇలా ఒకదాని తప్పు ఇంకోదాని మీద వెయ్యడం మన షెడ్డుల్లో మొదలవలేదు. ప్రపంచంలో పెద్ద పెద్ద ఇంజనీర్లకే ఈ తిప్పలొచ్చాయి.

ముందు చైన్ కథ.

ఇంజన్‌లో పిస్టన్ కిందకీ పైకీ వెళ్తుంటే, దానికి సరిగ్గా సరిపోయేలా వాల్వులు తెరుచుకోవాలి, మూసుకోవాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఈ రెండిటినీ కలిపి ఉంచేదే టైమింగ్ చైన్. ఈ తరహా రోలర్ చైన్‌కి 1880లో పేటెంట్ తీసుకున్నది హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడ్డాడు. అప్పట్లో అది మిల్లు యంత్రాలకీ సైకిళ్లకీ పనికొచ్చింది, తర్వాత కార్ ఇంజన్లలోకి వచ్చింది.

మన అంబాసిడర్‌లో క్యామ్ కింద, క్రాంక్ పక్కనే ఉండేది. అందుకని చైన్ చిన్నది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాక సీన్ మారింది. క్యామ్ పైకి వెళ్లింది, చైన్ బదులు రబ్బరు బెల్ట్ వచ్చింది. బెల్ట్ సౌండ్ చెయ్యదు. అదే దాని గొప్ప, అదే దాని ప్రమాదం కూడా. చాలాసార్లు చెప్పాపెట్టకుండా తెగిపోద్ది. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌లాంటి బళ్లతో మళ్లీ చైన్ మన ఇళ్ల ముందుకొచ్చింది. ఈసారి క్యామ్ పైన ఉంది కాబట్టి చైన్ పొడవెక్కువ. దాన్ని బిగువుగా ఉంచడానికి పక్కన గైడ్లు, ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే టెన్షనర్ ఉంటాయి.

ఇక్కడ అసలు పాయింట్ పట్టుకోండి. చైన్ సాగింది అంటాం గానీ ఇనుము రబ్బరులా సాగదు. లింకుల మధ్య పిన్నులు, బుష్‌లు అరిగి, ఒక్కో చోట కొంచెం కొంచెం కలిసి పొడవు పెరుగుద్ది. అరిగేది ఎందుకంటే ఆయిల్ పాతదవడం, తగ్గిపోవడం. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో ఆ చరిత్రే చైన్ చరిత్ర.

ఇప్పుడు నాకింగ్ కథ. ఇది ఇంకా పెద్దది.

1912లో కాడిలాక్ కార్లకి సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. తయారుచేసింది చార్లెస్ కెట్టరింగ్. ఆ కాలంలోనే ఇంజన్లలో టకటక ఎక్కువైంది. జనం తప్పు ఆయన బ్యాటరీ ఇగ్నిషన్ మీద వేశారు. ఆయన దగ్గర పనిచేసే థామస్ మిడ్జ్‌లీ దీని వెనకపడ్డాడు. ఇంగ్లండ్‌లో హ్యారీ రికార్డో కూడా అదే పనిలో ఉన్నాడు. తేలింది ఏమిటంటే, తప్పు ఇగ్నిషన్‌ది కాదు, పెట్రోల్‌ది. ప్లగ్ అంటించిన మంట వరసగా పాకుతూ వెళ్లాలి. కానీ చివర్లో మిగిలిన గ్యాస్ వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక, మంట చేరకముందే ఒక్కసారిగా పేలుద్ది. ఆ దెబ్బ సౌండే నాకింగ్. ఎక్కువైతే పిస్టన్‌కి చిల్లు పడొచ్చు.

1921 డిసెంబర్ 9న మిడ్జ్‌లీ బృందానికి మందు దొరికింది. టెట్రాఇథైల్ లెడ్, అంటే సీసం కలిసిన రసాయనం. చాలా కొద్దిగా కలిపినా నాకింగ్ ఆగిపోయింది. 1923లో అమ్మకం మొదలైంది. 1924లో న్యూజెర్సీలోని ఒక ప్లాంట్‌లో ఈ సీసం విషానికి ఐదుగురు కార్మికులు చనిపోయారు. అప్పుడు మిడ్జ్‌లీ విలేకరుల ముందు దాన్ని చేతులకి పూసుకుని, వాసన పీల్చి చూపించాడు. అంతకు ముందే ఆయనకే సీసం విషం ఎక్కి కొన్నాళ్లు రెస్ట్ తీసుకున్నాడు!

ఇంకో సంగతి. నాకింగ్‌ని ఆల్కహాల్, అంటే ఇథనాల్ కూడా ఆపుద్దని వాళ్లకి అప్పటికే తెలుసు. కానీ దానికి పేటెంట్ పెట్టుకోలేరు, సీసం మందుకి పెట్టుకోవచ్చు. ఫలితం ఏమిటంటే, ప్రపంచమంతా డెబ్భై ఏళ్లకి పైగా సీసం పొగ పీల్చింది. పిల్లల మెదడుకి అది చేసే హాని తర్వాత బయటపడింది.

మన దగ్గర? 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది. ఇప్పుడది హెచ్‌పీసీఎల్‌ది. ఆ రోజుల్లో దేశమంతా సీసం పెట్రోలే. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోల్ మొదలైంది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం ఆగిపోయింది. ప్రపంచంలో చివరగా ఆపింది అల్జీరియా, 2021లో. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్‌ని ఆపడంలో అది మంచిదే. పాత బళ్ల రబ్బరు పైపులు, మైలేజ్ సంగతి వేరే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

సరే, ఇప్పుడు మీ బండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఎప్పుడు వస్తోంది? పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చెయ్యగానే కొన్ని సెకన్లు గలగలమని ఆగిపోతే, టెన్షనర్‌కి ఆయిల్ చేరేదాకా చైన్ వదులుగా ఉందని అనుమానించాలి. వేడెక్కాక కూడా ఆగకపోతే ఆలస్యం చెయ్యొద్దు. నాకింగ్ దీనికి ఉల్టా. సాలూరు ఘాట్‌లో పెద్ద గేరులో ఉండి ఎక్సిలేటర్ తొక్కితే రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు వస్తది. కాలు తీస్తే తగ్గిపోద్ది. గేరు దించినా తగ్గుద్ది.

ఎక్కడి నుంచి? చైన్ సౌండు ఇంజన్‌కి చైన్ కవర్ ఉన్న వైపు నుంచి వస్తది. మన మేస్త్రీలు పొడవాటి స్క్రూడ్రైవర్ కొన కవర్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టి వింటారు. తిరిగే బెల్టులకి, ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి, జాగ్రత్త.

సౌండు ఎలాంటిది? గలగల కాకుండా లోతుగా, సుత్తితో కొట్టినట్టు ఉండి, ఇంజన్ వేడెక్కేకొద్దీ పెరిగితే అది మూడో జబ్బు, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. బండి ఆపేయండి, తోలుకుంటూ షెడ్డుకి వెళ్లొద్దు.

స్కానర్ ఏం చెప్తోంది? పి0016 లాంటి కోడ్ వస్తే, క్రాంక్‌కీ క్యామ్‌కీ లెక్క కుదరట్లేదని అర్థం. సాగిన చైన్ అందుకు ఒక కారణం. సెన్సార్, వైరింగ్ కూడా కావచ్చు. కోడ్ చూసి వెంటనే పార్ట్ కొనెయ్యకండి.

వీటన్నిటికంటే ముందు డిప్ స్టిక్ తీసి ఆయిల్ చూడండి. పైసా ఖర్చు లేదు. డీజిల్ బండి అయితే కొంత టకటక దాని సహజం, కొత్తగా మారిన సౌండునే పట్టించుకోండి.

కెట్టరింగ్‌కి జరిగింది గుర్తుంచుకోండి. సౌండు విన్నవాళ్లంతా ఇగ్నిషన్ తప్పే అన్నారు. ఓపికగా పరీక్ష పెట్టి చూస్తేనే పెట్రోల్ తప్పని తేలింది. మీ మేస్త్రీ "ఇంజన్ దించాలి" అంటే, "ఎందుకు అన్నా, ఎక్కడ వినపడింది, నాకూ ఒకసారి వినిపించు" అని అడగండి. మంచి మేస్త్రీ ఆ ప్రశ్నకి సంతోషపడతాడు.

ఇవాల్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో క్లచ్ ప్లేటు కథ. ఉంటాను మరి.